ఇల్లు చేరని కార్మికుని పేరిట ఉద్యానవనం

లండన్ మహానగరపు తూర్పు భాగంలో వైట్‌చాపెల్ అనే పేట ఉంది. ఆ పేట మీదుగా సాగే వైట్‌చాపెల్ రోడ్డు పక్కన, బస్సుల రొద ఎడతెగక వినిపించే చోట, ఒక చిన్న పచ్చిక మైదానం కనబడుతుంది. కొన్ని పెద్ద చెట్లు, కొన్ని పాత సమాధి రాళ్ళు, మధ్యగా ఒక కాలిబాట, ప్రవేశస్థలంలో ఒక లోహతోరణం. ఇంతకు మించి అందులో చూడవలసిన వింతలేవీ లేవు. ఆ నగరంలోని పెద్ద రాచవనాల సరసన నిలిపితే ఇది వాటి పెరటిపాటి కూడా కాదు. దాని పేరు అల్తాబ్ అలీ పార్కు.

ఎవరీ అల్తాబ్ అలీ? పార్కులకు, వీధులకు, కూడళ్ళకు పేర్లు పెట్టే పద్ధతి పాఠకులకు తెలిసినదే. ఏలినవారి పేరో, ఏలినవారి తండ్రిగారి పేరో, స్థలం దానమిచ్చిన ధనవంతుని పేరో, మహా అయితే ఒక పండితుని పేరో పెడతారు. అల్తాబ్ అలీ ఈ కోవలలో దేనికీ చెందడు. ఆయన నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి బతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళిన యువకుడు; దుస్తుల తయారీ కార్మికుడు. ఆ పేటలో పనిచేశాడు. పని ముగించుకుని సాయంత్రం కాలినడకన ఇంటికి పోయేవాడు. 1978 మే 4వ తేదీ సాయంత్రం ఆ నడకలోనే, ఈ పార్కును ఆనుకుని ఉన్న ఆడ్లర్ వీధిలో, కత్తిపోటుకు గురై మరణించాడు. అప్పటికాయనకు పాతికేళ్ళ ప్రాయం.

ఒక పేట తనలో నివసించిన ఒక సామాన్యుని పేరును తన ఉద్యానవనానికి పెట్టుకోవడం చెప్పుకోదగిన విషయం. ఆ పేరు బోర్డు మీదికి ఎక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళ కథ తెలియకపోతే ఆ పేరు మనకు ఏమీ చెప్పదు.

సిల్హెట్ నుంచి లండన్ దాకా

సిల్హెట్ వారికి, లండన్ రేవులకు ఉన్న సంబంధం శతాబ్దాల నాటిది. బ్రిటిషు ఓడలలో పనిచేసిన మన ఉపఖండపు నావికులను ఆంగ్లేయులు లాస్కర్లు అనేవారు. సైన్యమనే అర్థంలో మనం వాడే లష్కర్ అనే పారసీక పదమే వారి నోట అలా మారింది. ఆ నావికులలో సిల్హెట్ వారు అధికంగా ఉండేవారు. ఓడ అడుగున, బొగ్గు కొలిమి ముందు, మండే వేడిమిలో నిలబడి పనిచేసే బాధ్యత వారిది. ఓడ లండన్ రేవుకు చేరినప్పుడు కొందరు దిగిపోయి తిరిగి ఎక్కేవారు కారు. రేవులకు చేరువలో ఉన్న తూర్పు పేటలలోనే తలదాచుకునేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం బ్రిటన్‌లో పనివారి కొరత ఏర్పడగా ఆ పరిచయాల దారిన మరిందరు వెళ్ళారు. తొలుత వెళ్ళినవారు దాదాపు అందరూ పురుషులే. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి తిరిగి వద్దామనుకున్నవారే. 1970ల నాటికి పరిస్థితి మారింది. వలస చట్టాలు బిగుసుకోవడం ఒక వైపు, 1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధం మరో వైపు వారిని తొందరపెట్టాయి. భార్యాబిడ్డలను తెచ్చుకోవడం మొదలైంది. ఒంటరి మగవారి బసలు కుటుంబాల ఇళ్ళుగా మారసాగాయి.

వారు చేరిన పేట కూడా వలసవచ్చిన వారి పేటే. ఫ్రాన్సులో మతహింసకు తాళలేక వచ్చిన ప్రొటెస్టెంటు నేతపనివారు అక్కడ మగ్గాలు పెట్టారు. తరువాత, పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగంలో, తూర్పు ఐరోపా నుంచి యూదులు వచ్చి కుట్టుపని చేపట్టారు. వారు కాస్త నిలదొక్కుకుని వేరే పేటలకు తరలిపోగా ఆ కుట్టుమిషన్ల ముందు సిల్హెట్ వారు కూర్చున్నారు. బ్రిక్ లేన్ వీధిలోని ఒక కట్టడం ఈ చరిత్ర మొత్తాన్నీ తన గోడల మధ్య దాచుకుంది. 1743లో అది ఫ్రెంచి ప్రొటెస్టెంటుల ప్రార్థనాలయంగా కట్టబడింది. 1898లో యూదుల సినగాగు అయింది. 1976 నుంచి మసీదుగా ఉంది. గోడలు అవే, ఇటుకలు అవే, ప్రార్థించేవారు మారుతూ వచ్చారు.

ఆ కుటుంబాలకు ఇల్లు దొరకడమే గగనం. కౌన్సిలు ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి నిరీక్షణ. ఖాళీగా పడి ఉన్న శిథిల గృహాలలో అనుమతి లేకుండానే చేరి, కలసికట్టుగా కాపాడుకున్న కుటుంబాలు ఎన్నో. ఇక వీధి సంగతి వేరు. నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ ఆ రోజులలో బాగా బలం పుంజుకుంది. ఆదివారం నాడు బ్రిక్ లేన్ సంత జరిగే వేళ ఆ పార్టీవారు వీధి మొగలో నిలబడి తమ పత్రికలు అమ్మేవారు. ఉమ్మివేయడం, రాళ్ళు రువ్వడం, తలుపు సందుల గుండా మురికి లోపలికి తోయడం నిత్యకృత్యం. పనికి వెళ్ళిన మగవాడు, బడికి వెళ్ళిన బిడ్డ గడప దాటి లోపలికి వచ్చేదాకా ఇంటి ఇల్లాలికి గుండె కుదుటపడేది కాదు. ఫిర్యాదు చేస్తే పోలీసులు పట్టించుకోరనే నమ్మకం ఆ పేటంతటా పాతుకుపోయి ఉండేది. 1976 జూన్‌లో లండన్ పడమటి వైపున సౌతాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ళ సిక్కు విద్యార్థిని పొడిచి చంపారు. 1978 జనవరిలో, అప్పటికి ప్రతిపక్ష నాయకురాలిగా ఉన్న మార్గరెట్ థాచర్ టెలివిజన్‌లో మాట్లాడుతూ, భిన్న సంస్కృతి గలవారు తమను ముంచెత్తుతారేమోనని ఈ దేశ ప్రజలు భయపడుతున్నారన్న అర్థం వచ్చే మాట అన్నారు. పెద్ద పదవులలో ఉన్నవారి నోటి నుంచి వచ్చిన మాట వీధి చివర నిలబడిన కుర్రవాని చేతికి ఏ రూపంలో చేరుతుందో వారెన్నడూ ఆలోచించినట్టు కనబడదు.

ఆ సాయంత్రం

మే 4 లండన్‌లో స్థానిక ఎన్నికల దినం. నేషనల్ ఫ్రంట్ కూడా ఆ ఎన్నికలలో అభ్యర్థులను నిలబెట్టింది. చీకటి పడకముందే, పని ముగించుకుని ఇంటిదారి పట్టిన అల్తాబ్ అలీకి ఆడ్లర్ వీధిలో ముగ్గురు కుర్రవాళ్ళు ఎదురుపడ్డారు. ముగ్గురూ ఇరవై నిండని వారే. ఆయనకూ వారికీ పరిచయం లేదు, తగాదా లేదు, దోచుకునేందుకు ఆయన వద్ద మూటలూ లేవు. వారిలో పదహారేళ్ళవాడు ఒకడు, ఎందుకు చేశారని పోలీసు అధికారి అడిగినప్పుడు, ప్రత్యేకంగా కారణమేమీ లేదని చెప్పాడు. ఈ రంగువారు కనబడితే మీద పడటం తమకు అలవాటేనని కూడా చెప్పాడు. ఆ సమాధానం ఆనాటి పత్రికలలోకి ఎక్కింది.

కారణమేమీ లేదన్న ఆ మాటే పేటను కుదిపివేసింది. పగ ఉంటే పగను తప్పించుకునే దారి ఉంటుంది. అప్పు ఉంటే తీర్చే దారి ఉంటుంది. కారణం లేని చోట ఎవరైనా అల్తాబ్ అలీ కావచ్చు. ప్రతి తల్లీ ఆ శవాన్ని తన బిడ్డ శవంగానే ఊహించుకున్నది. అంతవరకు తలవంచుకుని, గోడ వారగా నడిచి, గుంపులుగా ఇళ్ళకు చేరుకుంటూ రోజులు వెళ్ళదీసిన సమాజం పది రోజులలో నిటారుగా నిలబడింది.

1978 మే 14న, ఆదివారం, ఏడు వేల మంది శవపేటిక వెంట వైట్‌చాపెల్ నుంచి హైడ్ పార్కుకు, అక్కడి నుంచి ప్రధానమంత్రి నివాసమున్న డౌనింగ్ వీధికి నడిచారు. అల్తాబ్ అలీని చంపినదెవరని ముందువరుస అడిగితే, జాత్యహంకారమని వెనుక వరుసలు బదులు పలికాయి. నడిచినవారిలో సిల్హెట్ కార్మికులే గాక ఇతర వర్ణాలవారు, ఇతర మతాలవారు, కార్మిక సంఘాలవారు కూడా ఉన్నారు. దశాబ్దాల తరబడి లండన్ మధ్యభాగాన్ని చూడకుండా మిషన్ ముందే బతికిన మనుషులు ఆనాడు నగరపు నడివీధులలో నడిచారు. ప్రభుత్వానికి విన్నపం అందజేసి తిరిగి వచ్చారు. ఒక జనాజా వెనుక అంతమంది ఆసియా ప్రజలు బ్రిటన్‌లో కదలిరావడం మునుపెన్నడూ ఎరుగనిది.

దాడులు ఆ ఒక్క ఊరేగింపుతో ఆగలేదు. జూన్ 11న నూట యాభై మంది దాకా కుర్రకారు బ్రిక్ లేన్ మీద పడి దుకాణాల అద్దాలు పగులగొట్టారు. అదే నెలలో హాక్నీలో ఇస్‌హాఖ్ అలీ అనే మరో బెంగాలీ దాడికి గురై ప్రాణం కోల్పోయాడు. జూలై 17న పేటలోని బెంగాలీలు దుకాణాలు మూసి, పనులు మాని నిరసన తెలిపారు. ఆదివారాలు వీధి మొగలో నేషనల్ ఫ్రంట్ వారు నిలబడే చోటును యువకులు ముందుగానే వచ్చి ఆక్రమించి కూర్చున్నారు. ఆ తరం నుంచే యువజన సంఘాలు పుట్టాయి, ఆ సంఘాల నుంచే స్థానిక రాజకీయాలలోకి మనుషులు వెళ్ళారు. 1982లో టవర్ హామ్లెట్స్ కౌన్సిలుకు తొలిసారి ఒక బెంగాలీ ఎన్నికయ్యాడు. 2010లో అదే ప్రాంతం నుంచి రుషనారా అలీ బ్రిటిషు పార్లమెంటుకు ఎన్నికైన తొలి బంగ్లాదేశ్ సంతతి సభ్యురాలయ్యారు.

మర్యం పేరిట ఉన్న నేల

ఇక ఆ పార్కు సంగతికి వద్దాం. అది ఖాళీ జాగా కాదు, పేరు లేని నేల అంతకన్నా కాదు. పదమూడవ శతాబ్దంలో అక్కడ సున్నం పూసిన తెల్లని ప్రార్థనామందిరం ఒకటి ఉండేది. ఆ తెల్లని మందిరం వల్లనే పేటకు వైట్‌చాపెల్ అనే పేరు స్థిరపడింది. సెయింట్ మేరీ మాట్‌ఫెలన్ అన్నది ఆ చర్చి పేరు. అనేకసార్లు పడిపోయి, కాలిపోయి, మళ్ళీ లేచిన ఆ చర్చి 1940 డిసెంబర్ 29 రాత్రి జర్మన్ విమానాలు వేసిన బాంబులకు ధ్వంసమైంది. మిగిలిన గోడలను 1952లో పడగొట్టారు. 1966లో ఆ స్థలాన్ని సెయింట్ మేరీ పేరుతోనే ఉద్యానవనంగా ప్రజలకు తెరిచారు. చర్చి ఉన్న చోటు ఆకృతి నేటికీ నేల మీద గుర్తుపట్టవచ్చు. చర్చి ఆవరణలోని సమాధులలో రిచర్డ్ పార్కర్ అనే నావికునిది ఒకటి. 1797లో, జీతాలు పెంచమని, తిండి సరిగా పెట్టమని తిరగబడిన నావికులకు నాయకత్వం వహించి అతడు ఉరికంబమెక్కాడు. భర్త శవాన్ని అధికారుల కళ్ళుగప్పి తెచ్చి ఆ ఇల్లాలు ఇక్కడే ఖననం చేయించింది. కూలి కోసం శ్రమించి కన్నుమూసినవారితో ఆ నేలకు అల్తాబ్ అలీ కంటే ముందే పరిచయం ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఒక పవిత్ర స్త్రీ పేరు తీసివేసి ముస్లిం కార్మికుని పేరు పెట్టడం సబబేనా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయకూడదని నేను భావిస్తాను. ఆ మేరీ మనకు పరాయి స్త్రీ కాదు, హజ్రత్ మర్యం (అలై). దివ్య ఖుర్ఆన్‌లో పందొమ్మిదవ సూరా ఆమె పేరిటే ఉంది. అందులో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక స్త్రీ ఆమెయే. నిందలు మోసిన, ఒంటరిగా నిలబడిన ఒక తల్లి పేరది. అక్కడివారు ఆ పేరు గుర్తులను చెరిపివేయలేదు. చర్చి ఆకృతిని నేల మీద ఉంచారు, సమాధులను కదపలేదు, పేటకు తెల్లని మందిరం పేరే మిగిలింది. పాతదానిని పడగొట్టి దాని మీద తమ జెండా ఎగురవేసే పేరుమార్పులు లోకంలో చాలా చూశాం. అవి పగ పెంచడానికే జరుగుతాయి. ఇది ఆ కోవకు చెందదు. ఆ చర్చిని కూల్చినది యుద్ధం. ఆ శిథిల స్థలం పక్కన ఒకడు నిష్కారణంగా చంపబడ్డాడు. తరువాతి తరంవారు ఆ నేలకు వాని పేరు పెట్టారు.

తోరణం మొదట, పేరు తరువాత

పేరుకంటే ముందు ఆ పార్కుకు తోరణం వచ్చింది. 1989లో డేవిడ్ పీటర్సన్ అనే లోహశిల్పి దానిని రూపొందించాడు. ఐరోపా కట్టడాల ధోరణి, బెంగాలీ అల్లికల తీరు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఆ తోరణాన్ని అల్తాబ్ అలీ ఒక్కనికే కాక, జాత్యహంకార దాడులకు బలైన ఇతరులందరికీ స్మారకంగా నిలిపారు. పార్కులోని కాలిబాట వెంట చెట్టు నీడను గురించి రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన పంక్తి ఒకదానిని అక్షరాలుగా పొదిగారు. 1998లో పార్కుకే అల్తాబ్ అలీ పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఒక మూలన ఢాకాలోని షహీద్ మినార్‌కు చిన్న నమూనాను నిర్మించారు. తల్లి తన బిడ్డలను కాచి నిలబడినట్టుండే ఆ కట్టడం, మాతృభాష కోసం 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో ప్రాణాలిచ్చినవారి జ్ఞాపకం. 1999 నవంబరులోనే యునెస్కో ఆ తేదీని అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. షహీద్ అనే మాటను బెంగాలీలు దేశం కోసం, భాష కోసం మరణించినవారికి వాడే తీరు వేరు, మన ఫిఖ్హ్ గ్రంథాలలో ఆ పదానికున్న హద్దులు వేరు. ఆ చర్చ ఇక్కడ అనవసరం. అక్కడి బెంగాలీలకు తమ భాష గుర్తు, తమవాని గుర్తు ఒకే ఆవరణలో దొరికాయి.

1978లో మరణం. 1998లో పేరు. ఈ ఆలస్యం ఎందుకు? నా దృష్టిలో జవాబు సులభమే. పేరు పెట్టే అధికారం కౌన్సిలుది. మరణించిన నాటికి ఆ పేట బెంగాలీలకు కౌన్సిలులో ఒక్క గొంతు లేదు. 1982లో తొలి గొంతు వచ్చింది. ఏడేళ్ళకు తోరణం, మరో తొమ్మిదేళ్ళకు పేరు. దుఃఖమున్నంత మాత్రాన ఎవరూ బోర్డు మార్చరు. ఓటు వేయడం, సమావేశాలకు వెళ్ళడం, కాగితాలు రాయడం, ఏళ్ళ తరబడి అడుగుతూ ఉండటం కావలసివచ్చింది. ఈ ఓపికైన పని ఊరేగింపులా చిత్రాలకు ఎక్కదు. దానిని చేసినవారి పేర్లు ఏ పార్కుకూ ఉండవు.

ఈ పేరు పెట్టుకోవడంలో ఒక లోటు కూడా ఉంది. పేరు మాత్రం రాసి వదిలేస్తే, కొత్తగా వచ్చినవాడు అది ఎవరో స్థలదాత పేరనుకుని ముందుకు సాగిపోతాడు. అంతేగాక, చంపబడినవాని పేరు పలికిన ప్రతిసారీ మనకు గుర్తుకు వచ్చేది వాని మరణం తప్ప వాని జీవితం కాదు. వాడు ఏ వంటకం ఇష్టపడేవాడో, ఇంటికి ఉత్తరంలో ఏమి రాసేవాడో, ఏ పాట పాడుకునేవాడో బోర్డు చెప్పదు. సామాన్యులలో సామాన్యుడైన మనిషిని లోకం ఒక చిహ్నంగా మార్చివేస్తుంది. ఆ పేట పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదనుకుంటాను. 2015లో టవర్ హామ్లెట్స్ కౌన్సిలు ప్రతి మే 4ను అల్తాబ్ అలీ సంస్మరణ దినంగా జరపాలని నిర్ణయించింది. 2016 నుంచి అది జరుగుతున్నది. బోర్డు మీది పేరుకు ఏడాదికొకసారి మనుషుల నోటి మాట తోడైంది.

ఊడ్చే ఆమె, అనువాదకుడు

చనిపోయినవారి పేరు రాయించుకోవడం గురించి మన ఇళ్ళలో రెండు రకాల ఆలోచనలు వినబడతాయి. అదంతా ఆడంబరమని, చనిపోయినవారికి కావలసింది దుఆ తప్ప బోర్డు కాదని కొందరంటారు. పెద్దవారికి, పేరు మోసినవారికి చేస్తేనే గౌరవమని మరికొందరంటారు. మొదటి మాటలో నిజముంది. బోర్డు వల్ల సమాధిలో ఉన్నవారికి చేకూరేదేమీ లేదు, అది వెనుక మిగిలినవారి కోసమే. రెండవ మాటను మాత్రం నేను ఒప్పుకోను. మదీనా మస్జిదును ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ గురించిన ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆమె మరణించగా సహచరులు దానిని చిన్న విషయంగా తలచి దైవప్రవక్త (సఅసం)కు తెలియజేయలేదు. ఆమె కనబడకపోవడం గమనించి ఆయనే అడిగారు. సంగతి విని, నాకెందుకు చెప్పలేదని మందలించి, ఆమె సమాధి ఎక్కడో చూపించమన్నారు. అక్కడికి వెళ్ళి నమాజు చేశారు. ఆమె పేరు మనకు నిశ్చయంగా అందలేదు గాని, ఆమె పని మాత్రం ఆ ఉల్లేఖనంలో నిలిచి ఉంది. ఎవరిని గుర్తుంచుకోవాలి, ఎవరిని విస్మరించవచ్చు అనే లెక్క మనం వేసుకున్నంత సులువుగా ఆయన వేయలేదు.

ఇదే లండన్ నగరంలో ఇందుకు భిన్నమైన కథ ఒకటి జరిగింది. ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన అబ్దుల్లా యూసుఫ్ అలీ గారి పేరు ఎరుగని ముస్లిం ఇల్లు అరుదు. 1920ల ఆరంభంలో ఆయన హైదరాబాదులో నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రిగా పనిచేశారు. లండన్ మసీదు నిధికి ధర్మకర్తలలో ఒకరు. ఈ పార్కుకు కొద్దిపాటి దూరంలో నేడు కనబడే ఈస్ట్ లండన్ మసీదు ఆ నిధి నుంచి వచ్చినదే. అంతటి విద్వాంసుడు 1953 డిసెంబరు చలిలో ఆ నగరపు వీధిలో దిక్కులేనివాడుగా కనబడ్డారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆసుపత్రిలో కన్నుమూశారు. సర్రే ప్రాంతంలోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో ముస్లింల భాగంలో ఆయన సమాధి ఉంది. హైదరాబాదులో చాలాకాలం పనిచేసిన మరో ఖుర్ఆన్ అనువాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్ సమాధి కూడా అక్కడే ఉండటం విశేషం. లోకమంతా పేరెరిగినవాడు లండన్ వీధిలో ఎవరూ గుర్తుపట్టక పోయాడు. ఎవరూ ఎరుగనివాని పేరును అదే నగరం బోర్డు మీద రాసుకున్నది. యూసుఫ్ అలీగారికి పాఠకులు లక్షలలో ఉన్నారు. ఆయన వద్ద లేనిది ఆ సాయంత్రాన తలుపు తెరిచే పొరుగు. అల్తాబ్ అలీకి దక్కినది ఆ పొరుగే, అదీ మరణానంతరం.

ఆ పార్కులో నేడు

నేడా పచ్చికలో మధ్యాహ్నం వేళ చుట్టుపక్కల కార్యాలయాలవారు వచ్చి భోజనం చేస్తారు. తల్లులు పిల్లలను ఆడించుకుంటారు. ఫిబ్రవరి 20 అర్ధరాత్రి దాటగానే బెంగాలీలు పుష్పగుచ్ఛాలతో షహీద్ మినార్ వద్దకు వస్తారు. ఏదైనా నిరసన సభ జరపవలసివస్తే తూర్పు లండన్‌వారు మొదట చేరేది తరచుగా ఇక్కడికే. 1978లో ఇరవై ఏళ్ళవారై ఆ శవపేటిక వెంట నడిచినవారు నేడు అరవైలు, డెబ్భైలు దాటారు. వారి మనవలు ఆ దారిలో బడికి వెళతారు. అల్తాబ్ అలీ అంటే వారికి మొదట ఒక పార్కు, ఆ తరువాతే ఒక మనిషి. ఇది సహజమే. తాత చేయి పట్టుకుని తోరణం కిందుగా పోయే బిడ్డ ఏదో ఒకనాడు ఈ అల్తాబ్ అలీ ఎవరని అడిగితీరుతుంది. కారణమేమీ లేకుండా ఒక మనిషిని ఎందుకు చంపారో ఏడేళ్ళ బిడ్డకు ఏ మాటలతో చెప్పాలి అన్నది ఆ ఇళ్ళలోని పెద్దలకు కష్టమైన పనే. నావరకు నేను, ముందుగా ఆ మనిషి చేసిన పని గురించి చెప్పి, ఆ తరువాతే మరణం సంగతి చెప్పడం మంచిదనుకుంటాను.

మన తెలుగు జిల్లాల నుంచి చదువులకు, ఉద్యోగాలకు లండన్ వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. వారిని చూసి రావడానికి ప్రయాణమయ్యే తల్లిదండ్రులూ ఉన్నారు. వంతెనలు, రాజప్రాసాదం చూసిన తరువాత ఒక పూట మిగిలితే, ఆల్డ్‌గేట్ ఈస్ట్ అనే భూగర్భ రైలు స్టేషన్‌లో దిగి తూర్పు వైపుగా కొద్ది నిమిషాలు నడిస్తే కుడిచేతి వైపు ఆ పచ్చిక కనబడుతుంది. దానిని ఆనుకుని ఉన్నదే ఆడ్లర్ వీధి. అదే రోడ్డు మీద ఇంకొంత ముందుకు సాగితే ఈస్ట్ లండన్ మసీదు వస్తుంది. నమాజు వేళకు చేరుకోవచ్చు.